జేబులో నష్టం, రిటర్న్‌లో లాభం: హాలిడే లెట్ యజమానులకు 2025 తర్వాత పన్ను

ఇంగ్లండ్‌లోని తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక అకౌంటెంట్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. మీలో హాలిడే లెట్ ఉన్నవాళ్లు, అంటే సెలవులకు వచ్చేవాళ్లకు రోజుల లెక్కన, వారాల లెక్కన ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు చేతులెత్తండి. కార్న్‌వాల్, లేక్ డిస్ట్రిక్ట్, విట్‌బీ... మంచిది. ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ ఇల్లు లోన్ మీద కొన్నవాళ్లు చేతులు అలాగే ఉంచండి. చూశారా, ఒక్క చెయ్యి కూడా దిగలేదు. ఈరోజు నేను చెప్పేది మీకోసమే.

ఒక్క మాట చెప్పడానికే వచ్చాను, మిగతాదంతా దాని వివరం. 2025 ఏప్రిల్ 6 నుంచి మీ జేబులో నష్టం వేరు, మీ టాక్స్ రిటర్న్‌లో నష్టం వేరు. జేబులోంచి డబ్బు పోతున్నా రిటర్న్‌లో లాభమే కనబడుతుంది, దాని మీద పన్ను కట్టాలి. "నాకు నష్టం వచ్చింది కదండీ, పన్నెందుకు?" అని ఈ ఏడాది నన్ను చాలామంది అడిగారు. ఎందుకో చెబుతాను.

ముందు పాత సంగతి. ఫర్నిష్డ్ హాలిడే లెటింగ్, అంటే సామాన్లతో సహా సెలవులకు అద్దెకిచ్చే ఇల్లు, పొట్టిగా ఎఫ్‌హెచ్‌ఎల్. 1984 ఫైనాన్స్ యాక్ట్ దీనికి ప్రత్యేక హోదా ఇచ్చింది. మామూలు అద్దె ఇంటికీ, వ్యాపారానికీ మధ్యలో ఒక స్థానం. ఆ హోదా రావాలంటే ఏడాదిలో 210 రోజులు ఇల్లు అద్దెకు సిద్ధంగా ఉంచాలి, 105 రోజులు నిజంగా అద్దెకు పోవాలి. 31 రోజులు దాటి ఉండే అతిథుల రోజులు అన్నీ కలిపి 155కి మించకూడదు. ఈ లెక్క కోసం డైరీలు రాసుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు, నాకు తెలుసు.

ఆ హోదాతో ఏం వచ్చేది? చాలా వచ్చేది. 2011 ఏప్రిల్ వరకైతే ఎఫ్‌హెచ్‌ఎల్ నష్టాన్ని మీ జీతంలోంచి కూడా తగ్గించుకునే వీలుండేది. అవునండీ, జీతంలోంచే. 2011లో ఆ తలుపు మూసేశారు. అప్పటి నుంచి ఎఫ్‌హెచ్‌ఎల్ నష్టం ఎఫ్‌హెచ్‌ఎల్ లాభంలోంచే తగ్గాలి. మీకు లెస్టర్‌లో మామూలుగా అద్దెకిచ్చిన ఫ్లాట్ ఉన్నా సరే, దాని లాభంలోంచి కాటేజీ నష్టం తీసేయడానికి వీల్లేదు. మన ఊళ్లల్లో వడ్లకో గాదె, జొన్నలకో గాదె ఉండేవి కదా. దానిది దీన్లో పోయడానికి లేదు. యూకే ఎఫ్‌హెచ్‌ఎల్‌ది ఒక గాదె, యూరప్ దేశాల ఎఫ్‌హెచ్‌ఎల్‌ది ఇంకొకటి, మామూలు అద్దెలది మరొకటి.

కానీ ఒక పెద్ద సౌకర్యం మాత్రం మిగిలింది. మార్ట్‌గేజ్ వడ్డీ, అంటే ఇంటి లోన్ వడ్డీ. మామూలు బై టు లెట్, అంటే అద్దెకివ్వడానికి కొన్న ఇళ్ల, యజమానులకు 2017 నుంచి మెల్లమెల్లగా, 2020 ఏప్రిల్ నుంచి పూర్తిగా, వడ్డీని ఖర్చుగా చూపడం ఆపేశారు. బదులుగా 20 శాతం పన్ను తగ్గింపు ఇస్తారు, అంతే. ఎఫ్‌హెచ్‌ఎల్‌కి అది వర్తించలేదు. వడ్డీ మొత్తం ఖర్చే. అందుకే ఎంతోమంది బై టు లెట్ నుంచి హాలిడే లెట్‌కి మారారు. ఆ రోజుల్లో అలా మారడం తెలివైన పనే.

2024 మార్చి 6 బడ్జెట్‌లో అప్పటి ఛాన్సలర్, అంటే ఆర్థిక మంత్రి, జెరెమీ హంట్ ఈ ఎఫ్‌హెచ్‌ఎల్ హోదాను రద్దు చేస్తామన్నారు. తర్వాత ప్రభుత్వం మారింది, నిర్ణయం మారలేదు. 2025 ఏప్రిల్ 6 నుంచి, కంపెనీలకైతే ఏప్రిల్ 1 నుంచి, ఎఫ్‌హెచ్‌ఎల్ అనేది పన్ను లెక్కలో లేదు. మీ కాటేజీ ఇప్పుడు మామూలు అద్దె ఇల్లే. 210 రోజులూ, 105 రోజులూ ఇన్‌కమ్ టాక్స్‌కి అక్కర్లేదు. అయితే డైరీలు పారేయకండి. ఇంగ్లండ్‌లో ఇళ్ల మీద పడే కౌన్సిల్ టాక్స్ కాకుండా, వ్యాపార ఆస్తుల మీద పడే బిజినెస్ రేట్స్ కిందకి రావాలంటే 140 రోజులు సిద్ధంగా ఉంచి, 70 రోజులు అద్దెకివ్వాలన్న షరతు అలాగే ఉంది. వేల్స్‌లో అది ఇంకా ఎక్కువ. అది వేరే లెక్క, దీంతో కలపకండి.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

ఒకావిడ ఉందనుకోండి. ఐటీ ఉద్యోగం, జీతం 60,000 పౌండ్లు. కాటేజీ ఆవిడ ఒక్కదాని పేరు మీదే. ఏడాదికి అద్దె 30,000. క్లీనింగ్, ఏజెంట్ కమీషన్, కరెంటు, గ్యాస్, ఇన్సూరెన్స్, రిపేర్లు అన్నీ కలిపి 16,000. మార్ట్‌గేజ్ వడ్డీ 17,000. 30లోంచి 16, అందులోంచి 17. ఎంత? మైనస్ 3,000. జేబులోంచి మూడు వేలు పోయాయి. 2024-25 రిటర్న్‌లో కూడా 3,000 నష్టమే. జేబూ, రిటర్నూ ఒకటే చెబుతున్నాయి.

ఇప్పుడు 2025-26. అదే ఇల్లు, అదే అద్దె, అవే ఖర్చులు, అదే వడ్డీ. ఏదీ మారలేదు. జేబులోంచి మళ్లీ మూడు వేలు పోయాయి. రిటర్న్‌లో మాత్రం వడ్డీ ఖర్చు కాదు. 30లోంచి 16 పోతే 14,000 లాభం. పాత నష్టం 3,000 ముందుకు వస్తుంది, అది తీసేస్తే 11,000. ఆవిడ జీతం ఇప్పటికే 40 శాతం శ్లాబులో ఉంది కాబట్టి దాని మీద 40 శాతం, అంటే 4,400 పన్ను. ఇప్పుడు వడ్డీకి 20 శాతం తగ్గింపు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. 17,000 మీద 20 శాతం అనుకుంటారు. కాదు. ఆ ఏడాది వడ్డీ, పాత నష్టం తీసేశాక మిగిలిన అద్దె లాభం, మీ మొత్తం ఆదాయంలో పర్సనల్ అలవెన్స్ (పన్ను పడని మొదటి భాగం) పోగా మిగిలింది, ఈ మూడింట్లో ఏది తక్కువో దాని మీద మాత్రమే 20 శాతం. ఇక్కడ తక్కువది 11,000. తగ్గింపు 2,200. కట్టాల్సిన పన్ను 2,200.

అంటే నష్టం వచ్చిన ఇంటి మీద రెండు వేల రెండు వందల పౌండ్ల పన్ను. ఇది న్యాయమా అని మీరు అడుగుతారు. నాకు న్యాయం అనిపించదు. వ్యాపారం ఏదైనా అప్పు మీద వడ్డీ ఖర్చే, అది ఎవరినడిగినా చెబుతారు. కానీ చట్టం ఇది. చట్టం ఇదని తెలిసి నిర్ణయాలు తీసుకోవాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పాత నష్టం 3,000 వాడినందువల్ల ఆవిడకి మిగిలింది ఎంత? 40 శాతం కాబట్టి 1,200 అనుకుంటాం. లెక్క వేయండి. పాత నష్టం లేకపోతే 14,000 మీద పన్ను 5,600, తగ్గింపు 2,800, కట్టేది 2,800. నష్టం వాడితే కట్టేది 2,200. ఆ ఏడాది మిగిలింది 600. ఎందుకంటే లాభం తగ్గినకొద్దీ వడ్డీ మీద తగ్గింపు కూడా తగ్గుతుంది. పోయిందా మరి? పోలేదు. వాడని వడ్డీ, ఇక్కడ 17,000లోంచి 11,000 పోగా 6,000, వచ్చే ఏడాదికి వెళ్తుంది. అందుకే మీ దగ్గర ఇప్పుడు రెండు విడివిడి లెక్కలు ఉండాలి. ఒకటి ముందుకు తీసుకెళ్లే నష్టం. రెండోది ముందుకు తీసుకెళ్లే వడ్డీ. ఈ రెండూ ఒకటి కాదు. వడ్డీ ఇక నష్టాన్ని పుట్టించలేదు. ఈ మాట రాసుకోండి, వడ్డీ నష్టాన్ని పుట్టించలేదు.

పిల్లలున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ తీసుకుంటున్నారు కదా? ఇంట్లో ఎవరి ఆదాయమైనా 60,000 దాటితే ప్రతి 200 పౌండ్లకి ఒక శాతం చొప్పున వెనక్కి తీసుకుంటారు. 80,000కి మొత్తం పోతుంది. ఆ ఆదాయం లెక్కలో వడ్డీ తీసేయరు. మన ఉదాహరణలో ఆవిడ ఆదాయం 71,000 అయింది. 55 శాతం వెనక్కి. ఇద్దరు పిల్లలకు 2025-26లో ఏడాదికి వచ్చేది సుమారు 2,250 పౌండ్లు, అందులో దాదాపు 1,240 వెనక్కి కట్టాలి. జేబులో పోయింది మూడు వేలు, పన్ను రెండు వేల రెండు వందలు, చైల్డ్ బెనిఫిట్ ఇది. కలిపితే ఆరు వేల నాలుగు వందలు దాటింది. ఇల్లు మాత్రం ఏమీ మారలేదు.

డాక్టర్లు, సీనియర్ ఐటీ వాళ్లు, మీ గీత లక్ష పౌండ్ల దగ్గర ఉంది. లక్ష దాటితే పర్సనల్ అలవెన్స్ తగ్గడం మొదలవుతుంది. టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్, పనిచేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటల ఉచిత చైల్డ్‌కేర్ కూడా పోతాయి. జీతం 95,000, కాటేజీ నుంచి చేతికి ఏమీ రావడం లేదు, అయినా రిటర్న్‌లో 10,000 లాభం. లక్ష దాటేశారు. నర్సరీ ఫీజు చూసినప్పుడు తెలుస్తుంది ఇదెంత దెబ్బో. అలాంటివాళ్లకు పెన్షన్‌లో కట్టడం ఒక దారి, అది ఈ ఆదాయం లెక్కను తగ్గిస్తుంది. అయితే హాలిడే లెట్ లాభాన్ని పెన్షన్ కోసం సంపాదనగా చూపడం ఇక కుదరదు. జీతం ఉంటే సమస్య లేదు. జీతం లేని భార్యో భర్తో ఈ ఇంటి ఆదాయం మీదే పెన్షన్ కడుతుంటే, ఆ పరిమితి ఇప్పుడు ఏడాదికి 3,600 పౌండ్లే.

సరే, అన్నీ చెడ్డ వార్తలేనా? కాదు. ఇందాక గాదెల గురించి చెప్పాను కదా. ఇప్పుడు ఆ అడ్డుగోడ పోయింది. 2025 ఏప్రిల్ 5 నాటికి మీ దగ్గర మిగిలిన యూకే ఎఫ్‌హెచ్‌ఎల్ నష్టాలు మీ యూకే అద్దెలన్నిటి లాభంలోంచి తగ్గుతాయి. కార్న్‌వాల్ కాటేజీలో పాత నష్టం 12,000 ఉంది, లెస్టర్ ఫ్లాట్‌లో ఏడాదికి 7,000 లాభం వస్తోంది అనుకోండి. ఇన్నాళ్లు ఆ 12,000 కదల్లేదు. ఇప్పుడు కదులుతుంది. కోవిడ్ రోజుల్లో ఇళ్లు మూతబడి నష్టాలు పోగుపడ్డవాళ్లు ఉన్నారు, 2020-21 నష్టాలు ఇంకా అలాగే ఉన్నవాళ్లు ఉన్నారు. పాత రిటర్న్‌లు తీసి ఆ అంకె ఎంతో చూసుకోండి. దీనికి కాలపరిమితి లేదు, మీ అద్దె వ్యాపారం నడిచినంతకాలం ఉంటుంది. అయితే మొత్తం అద్దె వ్యాపారమే ఆపేస్తే నష్టం పోతుంది. ఉన్న ఒక్క కాటేజీ అమ్మేస్తే పాత నష్టం కూడా దాంతోపాటే పోతుంది. చనిపోయినవారి నష్టం భర్తకో భార్యకో రాదు, పిల్లలకూ రాదు.

ఇంకో సంగతి. ఆ నష్టాన్ని ఎప్పుడు వాడాలో మీరు ఎంచుకోలేరు. లాభం వచ్చిన మొదటి ఏడాదే అది తగ్గిపోతుంది. ఉద్యోగం లేని ఇల్లాలి పేరు మీద 10,000 లాభం ఉందనుకోండి. పర్సనల్ అలవెన్స్ 12,570లోనే అది ఇమిడిపోయేది, పన్నే ఉండేది కాదు. అయినా పాత నష్టం 10,000 కరిగిపోతుంది. తర్వాతి ఏడాదికి దాచుకుందామంటే కుదరదు.

భార్యాభర్తల సంగతికి వచ్చాం కాబట్టి ఇది కూడా చెబుతాను. ఎఫ్‌హెచ్‌ఎల్ ఉన్నప్పుడు ఇద్దరి పేరున ఉన్న ఇంటి లాభాన్ని మీకు కుదిరినట్లు పంచుకునే వీలుండేది. ఆదాయం తక్కువున్నవారికి 90, ఎక్కువున్నవారికి 10. ఇప్పుడు కలిసి ఉంటున్న భార్యాభర్తలకు చెరి సగం అన్నదే నియమం. ఇంట్లో మీ అసలు వాటాలు నిజంగానే వేరుగా ఉంటే ఫారం 17 పంపాలి, వాటాలు వేరని చూపించే డాక్యుమెంట్ జతచేయాలి. సంతకం చేసిన 60 రోజుల్లోపు అది హెచ్‌ఎంఆర్‌సీకి, అంటే ఇక్కడి పన్ను శాఖకి, చేరాలి. 61వ రోజున చేరినా చెల్లదు. మళ్లీ కొత్తగా సంతకం పెట్టాలి, అప్పటి నుంచే లెక్క. పాత నష్టాలు మాత్రం ఎవరి పేరున వచ్చాయో వాళ్లకే ఉంటాయి. వాటిని మార్చుకోలేరు.

ఫర్నిచర్ గురించి ఇందాక ఎవరో అడిగారు. కొత్తగా కొన్న మంచం, సోఫా, ఫ్రిజ్ ఖరీదు మొత్తం ఆ ఏడాదే తీసేసుకునేవాళ్లం, దాంతో నష్టం కూడా వచ్చేది. ఇకపై పాతది పాడైతే దాని స్థానంలో అలాంటిదే కొన్నప్పుడు మాత్రమే ఖర్చు. మొదటిసారి కొన్నదానికి లేదు. 2025 ఏప్రిల్‌కి ముందు కొన్నవాటి మీద క్యాపిటల్ అలవెన్స్, అంటే సామాన్ల ఖరీదుకిచ్చే పన్ను మినహాయింపు, ఇంకా మిగిలి ఉంటే అది ఏటేటా తీసుకుంటూ పోవచ్చు, దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. చాలామంది ఆ మిగిలిన అంకెను మర్చిపోతున్నారు. మీ అకౌంటెంట్‌ని అడగండి, గట్టిగా అడగండి.

అమ్మితే వచ్చే నష్టం వేరు. నాలుగు లక్షలకు కొన్న కాటేజీ మూడున్నర లక్షలకు పోయిందనుకోండి. ఆ యాభై వేలు క్యాపిటల్ నష్టం. అది అద్దెలోంచి తగ్గదు, జీతంలోంచి తగ్గదు. వేరే ఆస్తో షేర్లో అమ్మి లాభం వస్తే అందులోంచి తగ్గుతుంది. ఆ నష్టం వచ్చిన పన్ను సంవత్సరం ముగిశాక నాలుగేళ్లలోపు హెచ్‌ఎంఆర్‌సీకి చెప్పాలి. చెప్పకపోతే పోయినట్లే.

ఇప్పుడు ఒక హెచ్చరిక. వీడియోల్లో ఒక సలహా తిరుగుతోంది. "మీ హాలిడే లెట్‌ని సర్వీస్డ్ అకామడేషన్ ట్రేడ్ అని రాసేయండి, వడ్డీ మొత్తం ఖర్చే, నష్టం జీతంలోంచి కూడా తగ్గుతుంది" అని. పేరు మార్చి రాస్తే ట్రేడ్, అంటే హోటల్ లాంటి వ్యాపారం, అయిపోతుందా? కాదండీ. గెస్ట్ హౌస్ నడిపేవాళ్లు, రోజూ టిఫిన్ పెట్టి, గది సర్ది, అక్కడే ఉండి చూసుకునేవాళ్లు, వాళ్లది ట్రేడ్. మీరు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు, కాటేజీ కార్న్‌వాల్‌లో ఉంది, తాళాలు పెట్టెలో ఉంటాయి, అతిథులు మారినప్పుడు క్లీనర్ వస్తుంది. అది అద్దె. పేరు మార్చి నష్టం చూపించి జీతం మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకుంటే, తర్వాత వడ్డీతో, పెనాల్టీతో కట్టాల్సి వస్తుంది. ఆ టెన్షన్ మీకు వద్దు.

అలాగే వేసవిలో మీరే రెండు వారాలు పిల్లలతో వెళ్లి ఉంటే ఆ రోజుల ఖర్చు తీసేయాలి. చుట్టాలకు తక్కువ అద్దెకు ఇస్తే ఆ రోజుల ఖర్చు వాళ్లిచ్చిన అద్దె వరకే. ఆ రోజుల మీద నష్టం చూపడానికి లేదు.

కంపెనీలో పెడితే ఏమవుతుందని అడుగుతున్నారు. కంపెనీకి వడ్డీ మొత్తం ఖర్చే, నష్టాలు కూడా కంపెనీ ఇతర లాభాల్లోంచి తగ్గుతాయి. కానీ ఉన్న ఇంటిని కంపెనీకి మార్చడమంటే మీరు కంపెనీకి అమ్మినట్లు. మీకు క్యాపిటల్ గెయిన్స్ పన్ను, కంపెనీకి స్టాంప్ డ్యూటీ. దాని మీద 2024 అక్టోబర్ 31 నుంచి అదనంగా 5 శాతం. ఒక్క కాటేజీ కోసం నేనైతే సలహా ఇవ్వను.

ఇంకా మార్పులు వస్తున్నాయి. 2025 నవంబర్ బడ్జెట్‌లో, 2027 ఏప్రిల్ నుంచి అద్దె ఆదాయానికి వేరే రేట్లు పెడతామన్నారు, 22, 42, 47 శాతాలు. వడ్డీ మీద తగ్గింపు కూడా 22 అవుతుంది. నలభై శాతంలో ఉన్నవాళ్లకు 42కీ 22కీ తేడా అదే ఇరవై. లోన్ ఎక్కువున్నవాళ్లకు పెద్ద మార్పు ఉండదు. లోన్ తీర్చేసినవాళ్ల మీదే ఈ రెండు శాతం పడుతుంది. స్కాట్లండ్‌లో ఉండేవాళ్ల శ్లాబులు వేరు, వాళ్లు విడిగా కలవండి.

చివరగా, ముందు వరసలో ఉన్న అన్నయ్య మొదటి నుంచీ అడుగుతున్న ప్రశ్న. "హైదరాబాద్‌లో ఫ్లాట్ నష్టంలో ఉంది, దాన్ని ఇక్కడి కాటేజీ లాభంలోంచి తీసేయొచ్చా?" లేదు. యూకే ఇళ్లన్నీ ఒక వ్యాపారం, విదేశాల్లోని ఇళ్లన్నీ కలిపి ఇంకో వ్యాపారం. ఈ గోడ మాత్రం పోలేదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ ఫ్లాట్ అక్కడ నష్టంలో ఉందంటే ఇక్కడ కూడా నష్టమని కాదు. అద్దె 6 లక్షల రూపాయలు, లోన్ వడ్డీ 5 లక్షలు అనుకోండి. మున్సిపల్ పన్ను పక్కన పెడదాం. ఇండియాలో 30 శాతం, అంటే 1 లక్షా 80 వేలు, బిల్లులు అడగకుండా తీసేస్తారు. వడ్డీ కూడా తీస్తే 80 వేల నష్టం. అక్కడ పన్ను లేదు. ఇక్కడ ఆ 30 శాతం ఒప్పుకోరు, నిజంగా పెట్టిన ఖర్చు మాత్రమే. అది 40 వేలు అనుకుంటే లాభం 5 లక్షల 60 వేలు. నలభై శాతం అంటే 2 లక్షల 24 వేలు, వడ్డీ మీద తగ్గింపు లక్ష. కట్టాల్సింది 1 లక్షా 24 వేల రూపాయల పన్ను, ఇక్కడ. ఇండియాలో చివరికి పన్ను పడలేదు కాబట్టి ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవడానికి క్రెడిట్ కూడా లేదు. అద్దెకున్నవాళ్లు కోసిన టీడీఎస్ మీకు రీఫండ్ వస్తుంది కదా, అది క్రెడిట్ కాదు. ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయానికి వేరే నియమాలు ఉన్నాయి, మిగతా అందరికీ లెక్క ఇదే.

కాబట్టి అన్నయ్యా, ఆ ఫ్లాట్‌కి మెయింటెనెన్స్ కట్టిన రసీదులు, పెయింటు, ప్లంబింగ్ బిల్లులు మీ తమ్ముడుగారి దగ్గర ఉంటే ఈ వారమే ఫోటోలు తీసి పంపమనండి. 2025-26 రిటర్న్ ఆన్‌లైన్‌లో వేయడానికి 2027 జనవరి 31 వరకు గడువుంది. బిల్లులు దొరికేది మాత్రం ఇప్పుడే.